ఒక్కోసారి ఆగిపోయే పాత డీజిల్ కారు: కంప్లయింట్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

పాత డీజిల్ కారు పూర్తిగా చెడిపోతే ఒక రకంగా నయం. స్టార్ట్ అవదు, తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్తారు, ఏం పోయిందో తెలుస్తుంది, మార్చుకుంటారు. అసలు టెన్షన్ పెట్టేది ఎప్పుడో ఒకసారి ఆగి, పావుగంటకి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండి. షెడ్డుకి తీసుకెళ్లిన రోజు ఏ కంప్లయింటూ చూపించదు. మెకానిక్ ఒక రౌండ్ కొట్టి వచ్చి "బాగానే ఉంది కద బావూ" అంటాడు. మళ్లీ ఆగితే ఫిల్టర్ మారుస్తారు. ఇంకోసారి ఆగితే ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పుతారు. ఆ తర్వాత డీజిల్ పంపు రిపేరుకి విశాఖ వెళ్తుంది. డబ్బులైపోతాయి, కంప్లయింట్ అలాగే ఉంటుంది.

ఇలాంటి కంప్లయింట్ బండి ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే దొరుకుతుంది. తిరిగి స్టార్ట్ అయ్యాక ఎంత మంచి మెకానిక్‌కైనా చూడడానికి ఏమీ మిగలదు. ఆ కాసేపూ బండి దగ్గర ఉండేది మీరే గనక సగం పని మీ చేతిలోనే ఉంది. ఏపీ 30, ఏపీ 35 నంబర్లతో శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న ఇండికాలు, బొలెరోలు, క్వాలిస్‌లు, డీజిల్ స్విఫ్ట్‌లు, ఇన్నోవాలు అన్నింటికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

మీ ఇంజిన్ ఏ రకమో ముందు తెలుసుకోండి

పాత డీజిల్ ఇంజిన్లు రెండు రకాలు. మొదటి రకంలో పంపు పూర్తిగా మెకానికల్. పాత ఇండికా 1.4, క్వాలిస్, మొదటి తరం బొలెరో లాంటివి ఈ కోవలోకి వస్తాయి. వీటికి డీజిల్, గాలి సరిగ్గా అందితే చాలు, నడుస్తాయి. కరెంటుతో పని చాలావరకు ఒక్కచోటే: పంపు మీద ఉండే స్టాప్ సోలెనాయిడ్. దానికి 12 వోల్టులు అందితే డీజిల్ వదులుతుంది, కరెంటు పోతే ఆపేస్తుంది.

రెండో రకం కామన్ రైల్, అంటే డీజిల్‌ని ఒకే గొట్టంలో గట్టి ప్రెషర్‌తో నింపి, కంప్యూటర్ చెప్పినప్పుడు నాజిళ్లలోంచి వదిలే పద్ధతి. 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్, డైకార్ అని రాసి ఉన్న టాటా బళ్లు, సీఆర్‌డీఐ అని రాసి ఉన్న హ్యుందాయ్‌లు ఈ రకం. స్విఫ్ట్‌లో ఉన్న 1248 సీసీ ఇంజిన్ ఇటలీలో పుట్టింది. అదే ఇంజిన్ డిజైర్, విస్టా, పుంటో ఇలా ఎన్నో బళ్లలో తిరిగింది కాబట్టి దాని గుట్టుమట్లు తెలిసిన మెకానిక్‌లు మన దగ్గర ఊరికొకరు ఉన్నారు. కామన్ రైల్‌లో కంప్యూటర్, సెన్సార్లు, రిలేలు (కరెంటుని కలిపే, ఆపే చిన్న స్విచ్‌లు) అన్నీ కలిసి నడపాలి. వాటిలో ఒక్కటి అర సెకను పాటు తప్పుకున్నా ఇంజిన్ ఆగిపోవచ్చు.

ఈ తేడా తెలియడం ప్రాణానికి కూడా అవసరం. పాత మెకానికల్ పంపు బండికి ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి, ఏ సిలిండర్ మిస్సింగ్ కొడుతోందో చూడడం మెకానిక్‌లకి అలవాటు. కామన్ రైల్ బండికి ఆ పని ఎప్పుడూ చేయనివ్వకండి. పైపుల్లో ప్రెషర్ 1,000 బార్ దాటి వెళ్తుంది. సన్నటి ధారగా తగిలితే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది. నాజిళ్లకి వెళ్లే వైర్లలో కూడా బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా వాటిని ముట్టుకోకూడదు.

నడుస్తుండగా ఆగితే

ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు గట్టిపడుతుంది, ఎందుకంటే బ్రేకు బూస్టర్‌కి కావలసిన వాక్యూమ్ ఇంజిన్ తిరుగుతుంటేనే తయారవుతుంది. బూస్టర్‌లో ఒకటి రెండు సార్లకి సరిపడానే మిగిలి ఉంటుంది. కంగారులో టకటకా తొక్కి దాన్ని ఖాళీ చేసుకోకండి. ఒక్కసారి తొక్కి పట్టుకుని, హజార్డ్ లైట్లు వేసి, బండి వేగంలో ఉండగానే ఎడమ పక్కకి తీసుకోండి. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి తీసేయకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

పదహారో నంబర్ జాతీయ రహదారి మీద అయితే మనుషుల్ని దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి, ముక్కోణం బోర్డు బాగా వెనక పెట్టండి. రాత్రి పూట రణస్థలం, ఎచ్చెర్ల దగ్గర లారీలు వచ్చే వేగం మీకు తెలిసిందే. హైవే హెల్ప్‌లైన్ 1033, ఫోన్లో ముందే సేవ్ చేసుకోండి. ఘాట్‌లో అయితే హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, టైరుకి రాయి అడ్డం వేశాకే బానెట్ తెరవాలి.

ఆగిన వెంటనే చూడాల్సినవి

మనుషులు క్షేమంగా పక్కకి వచ్చాక, మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడానికి తొందరపడకండి. ఈ ఐదు నిమిషాలు మళ్లీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. ఫోన్లో వీడియో ఆన్ చేసి మీటర్ బోర్డు వైపు పెట్టండి.

ముందు గుర్తు తెచ్చుకోండి. స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగిందా? లేక దగ్గుతూ, ఊగుతూ, పికప్ తగ్గుతూ ఆగిందా? ఒక్కసారిగా ఆగితే ఎక్కువగా కరెంటు వైపు. ఊపిరాడనట్టు ఆగితే ఎక్కువగా డీజిల్ వైపు. ఇది నూటికి నూరు పాళ్లు నిజం కాకపోయినా వెతకడం ఎటునుంచి మొదలుపెట్టాలో చెబుతుంది.

తర్వాత తాళం ఆన్‌లో పెట్టి లైట్లు చూడండి. చెక్ ఇంజిన్ లైటు మామూలుగా తాళం ఆన్ చేసినప్పుడు వెలగాలి. అసలు వెలగకపోతే కంప్యూటర్‌కి కరెంటు అందడం లేదేమో చూడాలి: మెయిన్ రిలే, ఫ్యూజు, ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే పట్టీ). తాళం గుర్తున్న లైటు మిణుకుమిణుకుమంటుంటే, దొంగ తాళంతో స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు. రెండో తాళంతో ప్రయత్నించండి. మెకానికల్ పంపు బండి అయితే తాళం ఆన్ చేసినప్పుడు పంపు దగ్గర 'టక్' మని సోలెనాయిడ్ చప్పుడు వినబడాలి. మీరు తాళం తిప్పండి, పక్కవారిని చెవి పెట్టి వినమనండి.

ఇప్పుడు వీడియో నడుస్తుండగా ఒకసారి సెల్ఫ్ కొట్టండి, ఆర్‌పీఎం ముల్లుని చూడండి. ఇంజిన్ స్టార్ట్ కాకపోయినా సెల్ఫ్ తిప్పుతున్నంతసేపూ చాలా బళ్లలో ఆ ముల్లు 200, 300 దగ్గర కాస్త కదులుతుంది. సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గర చచ్చినట్టు పడి ఉంటే, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ రావడం లేదని అనుమానించాలి.

మా బావ బండి కథ ఇదే. విశాఖ నుంచి వస్తూ చిలకపాలెం టోల్‌గేట్ చుట్టుపక్కల ఆగేది. టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ అయ్యేది. ఒక షెడ్డులో ఫిల్టర్, ఇంకో షెడ్డులో నాజిళ్ల సర్వీసు అయ్యాయి. చివరికి ఆగినప్పుడు మీటర్ వీడియో తీసి పంపాడు. సెల్ఫ్ ఝుమ్మని తిరుగుతోంది, ముల్లు కదలడం లేదు. క్రాంక్ సెన్సార్ కనెక్టర్ విప్పితే లోపల నల్లటి ఇంజిన్ ఆయిల్, సెన్సార్ వైరు మీద తొడుగు వేడికి పెళుసెక్కి పగిలి ఉంది. ఇంజిన్ వేడెక్కితే సిగ్నల్ పోతుంది, చల్లారితే వస్తుంది. ఆ పావుగంట టీ దాని మందు అన్నమాట.

ఇంకొక్క పని, దీనికి రూపాయి ఖర్చు లేదు: డీజిల్ ట్యాంక్ మూత తిప్పండి. 'సుయ్' మని గట్టిగా గాలి లోపలికి లాక్కుని, వెంటనే బండి స్టార్ట్ అయితే మూతలోనో ట్యాంక్‌కో ఉండే గాలి దారి మూసుకుపోయింది. డీజిల్ తగ్గిన కొద్దీ ట్యాంక్‌లో ఖాళీ ఏర్పడి, పంపు లాగలేకపోతోంది. తర్వాత హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి లైన్లోకి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) ఉన్న బండి అయితే దాన్ని నొక్కి చూడండి. మెత్తగా, పట్టు లేకుండా ఉండి చాలాసార్లు నొక్కితే గాని గట్టిపడకపోతే లైన్లో ఎయిర్ పట్టింది.

పుస్తకం పెట్టండి

డ్యాష్‌బోర్డ్ పెట్టెలో ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను పడేయండి. ఆగిన ప్రతిసారీ రాయాల్సినవి: బయల్దేరి ఎంతసేపైంది, ట్యాంక్‌లో డీజిల్ ఎంత, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది, ఎత్తు ఎక్కుతున్నారా, రోడ్డు గతుకులా, వాన పడుతోందా, ఏసీ ఆన్‌లో ఉందా, ఎంతసేపటికి స్టార్ట్ అయింది, చివరిగా డీజిల్ ఏ బంకులో కొట్టించారు. మనకి గుర్తుంటుందిలే అనుకుంటాం గాని, షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి "అప్పుడప్పుడు ఆగుతోందండి" అన్న మాట తప్ప ఏమీ రాదు. కొన్ని సార్లు రాశాక చూస్తే రెండు మూడు విషయాలు ప్రతిసారీ కలుస్తాయి. వాటిని పట్టుకుని వెళ్లాలి.

ఏ రోడ్డు మీద ఆగుతోంది?

మన శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల అన్ని రకాల రోడ్లూ ఉన్నాయి, వీటినే పరీక్షకి వాడుకోవచ్చు.

హైవే మీద ఒకే వేగంలో చాలాసేపు నడిచాక ఆగుతుంటే వేడికి తప్పుకునే సెన్సార్, రిలే లేదా ట్యాంక్ గాలి దారి. ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఘాట్ ఎక్కేటప్పుడో, సాలూరు దాటి పి.కోనవలస ఘాట్‌లోనో మాత్రమే పికప్ పోతుంటే ఇంజిన్ అడిగినంత డీజిల్ గాని, గాలి గాని అందడం లేదు: ఫిల్టర్, ట్యాంక్ జల్లెడ, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో గొట్టం. టెంపరేచర్ ముల్లు కూడా పైకెళ్తుంటే అది వేరే కథ, రేడియేటర్ ఫ్యాను, థర్మోస్టాట్ చూడాలి. అప్పటిదాకా బండి ఘాట్‌కి తీసుకెళ్లకండి. పల్లె రోడ్ల గతుకుల మీద, స్పీడ్ బ్రేకర్ దాటగానే ఆగుతుంటే లూజు కనెక్షన్ తప్ప ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. వానలో, లేదా బండి కడిగించిన మర్నాడే వస్తుంటే కనెక్టర్లలో నీళ్లు.

ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే మొరాయించి, తర్వాత రోజంతా బాగుంటే ఇంకో పరీక్ష ఉంది. ఒక రాత్రి ముందు భాగం ఎత్తులో ఉండేలా, ఇంకో రాత్రి పల్లంలో ఉండేలా ఆపండి. ఎత్తులో ఉన్న మర్నాడే మొరాయిస్తే రాత్రంతా డీజిల్ ట్యాంక్‌లోకి జారిపోతోంది, అంటే ఎక్కడో గాలి లాగుతోంది. రెండు రోజులూ ఒకేలా ఉంటే, ముఖ్యంగా పాత ఇండికా లాంటి బళ్లలో, మార్గశిరం చలికి గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ని స్టార్టింగ్‌కి వేడి చేసేవి) చూపించండి.

ఇంటి దగ్గర చేసుకోగలిగినవి

చవకైనవి ముందు, ఖరీదైనవి తర్వాత. ఈ వరస మార్చకండి.

మొదట బ్యాటరీ, ఎర్త్. మల్టీమీటర్ లేకపోతే ఒకటి కొనుక్కోండి, చవకది చాలు. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కామన్ రైల్ బండిలో సెల్ఫ్ తిరుగుతున్నా వోల్టేజీ బాగా పడిపోతే కంప్యూటర్ నిద్రపోతుంది, నాజిళ్లు తెరుచుకోవు. మనం పంపు పోయిందనుకుంటాం.

ఇప్పుడు ఎర్త్. మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న ఏదైనా ఇనుప భాగం మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టుల లోపు చూపిస్తే బాగుంది. 0.5 దాటితే ఎర్త్ బాగోలేదు. కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉండే బళ్లకి ఈ పరీక్ష తప్పనిసరి. ఎర్త్ పట్టీ పైకి చక్కగానే కనిపిస్తుంది. బోల్టు విప్పి చూస్తే లగ్గు కింద ఆకుపచ్చ పొడి. పట్టీని వంచితే లోపలి తీగలు పుటుక్కుమని తెగుతాయి. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి ఇంజిన్‌కి ఒకటి ఉంటాయి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, రెండూ తీసి ఎమరీ పేపరుతో రుద్ది, అరిగిపోతే కొత్తవి వేసి, బిగించాక పైన కొంచెం గ్రీజు పూయండి. పాత బండిలో సగం వింత కంప్లయింట్లు దీంతోనే పోతాయని నా అభిప్రాయం. అయినా షెడ్డులో దీన్ని ఎవరూ ముందు చూడరు, ఎందుకంటే ఇందులో అమ్మడానికి పార్టు లేదు.

రెండోది వైరింగ్. కోతలయ్యాక కళ్లం పక్కన, గడ్డివాము పక్కన, పశువుల శాల పక్కన ఆపే బళ్లకి ఎలకలే పెద్ద శత్రువులు. బానెట్ కింద టార్చి వేసి ఎలక పెంటికలు, కొరికిన తొడుగు, గడ్డిపరకలు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, వైరింగ్ కట్టని ఒక్కో చోట పట్టుకుని మెల్లగా కదపండి. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడుతుందో కంప్లయింట్ అక్కడే ఉంది. బెల్టులకీ, ఫ్యానుకీ దూరంగా ఉండండి, కరెంటు ఫ్యాను చెప్పకుండానే తిరగడం మొదలుపెడుతుంది. పైట, కండువా, పొడుగు చేతుల చొక్కాతో ఈ పని వద్దు. నాజిల్ వైర్ల సంగతి ముందే చెప్పాను.

మూడోది రిలే. ఫ్యూజు పెట్టెలో మెయిన్ రిలే పక్కనే అదే నంబరు ఉన్న ఇంకో రిలే, హారన్‌దో లైట్లదో, ఉంటుంది. రెండూ మార్చి పెట్టండి. ఇంజిన్ ఆగడం మానేసి హారన్ మొరాయించడం మొదలైతే దొంగ దొరికినట్టే. రిలే పైన రాసిన నంబర్లు పూర్తిగా కలవాలి, పిన్నులు పట్టినంత మాత్రాన సరిపోదు.

నాలుగోది డీజిల్ దారి, ఇక్కడ కాస్త ఓపిక కావాలి. ఫిల్టర్ అడుగున ఉండే మరను వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం డీజిల్ దింపండి. కాసేపు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకి చేరతాయి, గీత స్పష్టంగా కనిపిస్తుంది. నల్లటి జిగురు కూడా ఉంటే ట్యాంక్ కడిగించాలి. నీళ్లు వచ్చాయంటే బంకుదే తప్పని అనలేం. వానాకాలంలో ట్యాంక్ ఎప్పుడూ అడుగంటి ఉంటే లోపలి గాలిలోని తేమ కూడా నీరుగా దిగుతుంది. బంకు మీద అనుమానం ఉంటే అక్కడే డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది, హైడ్రోమీటర్ వాళ్ల దగ్గర ఉండాలి.

ట్యాంక్‌లో జల్లెడ సంగతి చాలామందికి తట్టదు. పాత ట్యాంక్‌లో తుప్పు, చెత్త పేరుకుని ఉంటాయి. కుళాయి గొట్టానికి ఆకు అడ్డం పడినట్టు, ఇంజిన్ గట్టిగా లాగినప్పుడు అవి జల్లెడకి అతుక్కుంటాయి. ఇంజిన్ ఆగగానే ఊడి కిందికి దిగిపోతాయి. పది నిమిషాలకి దారి క్లియర్. ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు. ట్యాంక్ పావు కంటే తక్కువున్నప్పుడే ఎక్కువగా ఆగుతోందని మీ పుస్తకం చెబితే ఇక్కడ వెతకండి.

ఎయిర్ లాగుతోందో లేదో తెలియడానికి ఫిల్టర్‌కి, పంపుకి మధ్య తక్కువ ప్రెషర్ వైపు పారదర్శకమైన డీజిల్ గొట్టం ముక్క వేయించండి. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి రెండు బుడగలు మామూలే. వరసగా వస్తూనే ఉంటే ఫిల్టర్ రబ్బరు వాషర్, గొట్టాల క్లిప్పులు, ప్రైమర్ ఒక్కోటి చూసుకుంటూ ట్యాంక్ వైపు వెళ్లాలి. గాలి లోపలికి లాగే చోట డీజిల్ బయటికి కారదు, కాబట్టి తడి లేదని వదిలేయకండి. మంచి షెడ్డుల్లో ఇంకో పని చేస్తారు. ట్యాంక్ లైను విప్పి, క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, నేరుగా ఫిల్టర్‌కి ఇచ్చి ఇంజిన్ నడుపుతారు. బాగా నడిస్తే తప్పు ట్యాంక్ వైపు, అప్పటికీ ఆగితే తప్పు ముందు వైపు. ఇది బండి నిలబెట్టి చేయాల్సిన పరీక్ష. క్యాన్ బానెట్ కింద పెట్టుకుని రోడ్డెక్కకూడదు.

వేడికి తప్పుకునే సెన్సార్ మీద అనుమానం ఉంటే, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో దాన్నొక్కదాన్నే వేడి చేయండి. ఇంజిన్ ఆగిపోతే ఇంక సాక్ష్యం అక్కర్లేదు.

పికప్ పోవడం, నల్ల పొగ రావడం మాత్రమే ఉండి, ఇంజిన్ ఆగకపోతే టర్బో గొట్టాల్లో చీలిక, టర్బోకి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపు, మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), దుమ్ముతో నిండిన ఎయిర్ ఫిల్టర్ చూడండి. టర్బో గొట్టం చీలిక చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ప్రెషర్ పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. చేత్తో తడిమితే నూనె జిడ్డు తగిలే చోట చూడాలి.

స్కానింగ్ ఎంతవరకు నమ్మాలి

కామన్ రైల్ బండికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చవక బ్లూటూత్ స్కానర్ పెట్టి, కంప్యూటర్ రాసిపెట్టుకున్న కంప్లయింట్ కోడ్‌లు ఫోన్లో చూసుకోవచ్చు. కొన్ని పాత బళ్లతో ఇవి మాట్లాడవు, అప్పుడు షెడ్డు స్కానర్ కావాలి. కోడ్ కనబడగానే డిలీట్ కొట్టేవాళ్లని ఆపండి. ముందు స్క్రీన్ ఫోటో తీసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటే అది కూడా తీయండి, ఆ కోడ్ పడినప్పుడు వేగం, వేడి, లోడు ఎంతో అందులో ఉంటాయి. మీ పుస్తకానికి అది తోడు.

పీ0335 క్రాంక్ సెన్సార్ సర్క్యూట్, పీ0087 రైల్ ప్రెషర్ తక్కువ, పీ0299 టర్బో ప్రెషర్ తక్కువ, పీ0401 ఈజీఆర్. ఈ కోడ్‌లు పార్టు పోయిందని చెప్పవు, ఆ దారిలో ఏదో తేడా ఉందని మాత్రమే చెబుతాయి. పీ0087 వస్తే పంపు మార్చాలనే మాట వెంటనే వినబడుతుంది. ఫిల్టర్ మూసుకున్నా, జల్లెడ అడ్డుపడినా, గాలి లాగినా, నాజిల్ రిటర్న్ (నాజిల్ నుంచి ట్యాంక్‌కి తిరిగి పోయే డీజిల్) ఎక్కువైనా, పంపు మీదుండే కంట్రోల్ వాల్వ్ అతుక్కున్నా అదే కోడ్ వస్తుంది. పంపు విప్పే ముందు రిటర్న్ టెస్ట్ చేశారా అని అడగండి. నాలుగు నాజిళ్ల రిటర్న్ గొట్టాలు నాలుగు సీసాల్లో పెట్టి, ఏది ఎక్కువ వదులుతోందో చూస్తారు. కళ్లారా చూసి నమ్మొచ్చు.

మెకానిక్ దగ్గర

వెళ్లగానే "పంపు చూడండి" అని మీరే తీర్పు చెప్పకండి. పుస్తకం, వీడియో చూపించండి. వీలైతే రెండు రోజులు బండి ఆయనకే ఇచ్చి, ఇంటికి వెళ్లడానికి రావడానికి వాడుకోమనండి. ఆగాల్సింది ఆయన చేతిలో. స్కానర్ తగిలించి మీతోపాటు ఘాట్ దాకా రాగలిగితే ఆ కూలీ ఎంతైనా ఇవ్వండి, మూడు పార్టుల కంటే తక్కువే అవుతుంది. ఒకసారికి ఒక్క పార్టే మార్చమనండి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు, మళ్లీ వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. వైరింగ్ కంప్లయింట్ అని తేలితే డీజిల్ మెకానిక్‌ని ఇబ్బంది పెట్టకుండా మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి, ఆ రెండూ వేరు వేరు చదువులు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఇంకో అనుమానం ఉంచుకోండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లలో నీళ్లలో నిలబడిన బళ్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి బురద గీత ఉందేమో, కంప్యూటర్ కనెక్టర్ పిన్నులు పచ్చగా ఉన్నాయేమో చూడండి. అలాంటి బండికి ఒక సెన్సార్ మారిస్తే ఇంకోటి మొదలవుతుంది. పంపు, నాజిళ్లు మొత్తం చేయించాలంటే బండి వయసు కూడా లెక్కేయాలి. 15 ఏళ్లు నిండిన సొంత కారుకి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, అదీ 5 ఏళ్లకే ఇస్తారు. గడువు దగ్గర పడిన బండి మీద ఆ ఖర్చు పెట్టొద్దనే నా సలహా, బాడీ గట్టిగా ఉండి తుప్పు లేకపోతే తప్ప.

రిపేరు అయ్యాక బండి ఎక్కడ ఆగేదో అక్కడికే తీసుకెళ్లండి. ట్యాంక్‌లో డీజిల్, ఎండ, లోడు, రోడ్డు, వీలైనంతవరకు పాత పరిస్థితులే ఉండాలి. విజయనగరం రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వస్తే ఏమీ తేలదు. అప్పటిదాకా డిక్కీలో ఒక రిలే, రెండు మూడు ఫ్యూజులు, గొట్టం క్లిప్పులు, టెస్ట్ ల్యాంపు, టో తాడు ఉంచుకోండి. మార్చి తీసిన పాత సెన్సార్‌ని షెడ్డులో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకుని, తేదీ రాసి పెట్టుకోండి. కొత్తది వేసినా బండి మళ్లీ ఆగితే పాతది బాగానే ఉన్నట్టు, దాన్నే తిరిగి వేయించుకోవచ్చు.